100 వాట్ల బల్బు, 25 వాట్ల జవాబు

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో విద్యుత్తు పాఠం చివర ఒక ప్రశ్న ఉంది. 220 వోల్టులు, 100 వాట్లు అని ముద్రించిన బల్బును 110 వోల్టుల మీద వెలిగిస్తే ఎన్ని వాట్లు తీసుకుంటుంది? 100, 75, 50, 25 - వీటిలో ఒకటి ఎంచుకోవాలి. లెక్క తేలికే. 220 వర్గాన్ని 100తో భాగిస్తే నిరోధం 484 ఓమ్‌లు. 110 వర్గాన్ని ఆ 484తో భాగిస్తే 25 వాట్లు. మార్కు వచ్చేస్తుంది. కానీ నిజం బల్బుకు వాట్‌మీటరు తగిలించి చూడండి. ముల్లు 33కు అటూ ఇటూగా నిలుస్తుంది. ఇచ్చిన నాలుగింటిలో ఏదీ బల్బు చెప్పే జవాబు కాదు!

ఎందుకిలా? బల్బులోని టంగ్‌స్టన్ తీగ పూర్తి వోల్టేజి వద్ద 2,500 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాలుతూ ఉంటుంది. 484 ఓమ్‌లు అన్నది ఆ వేడిలో ఉన్న నిరోధం. ఆర్పిన బల్బును మల్టీమీటరుతో కొలిస్తే 40 ఓమ్‌ల ప్రాంతంలోనే ఉంటుంది. ఆ 40ని సూత్రంలో పెట్టామా, 100 వాట్ల బల్బు కాస్తా 1,210 వాట్ల హీటరయి కూర్చుంటుంది. సగం వోల్టేజి ఇచ్చినప్పుడు తీగ అంతగా కాలదు. నిరోధం 367 ఓమ్‌లకు దిగుతుంది. కరెంటు పుస్తకం లెక్క ప్రకారం 0.23 ఆంపియర్లు ఉండాల్సింది 0.3 అవుతుంది.

పుస్తకం రాసినవారికి ఇది తెలియదనలేం. ఉష్ణోగ్రత మారకుండా ఉంటేనే అన్న షరతు ఓమ్ నియమంలో స్పష్టంగా ఉంది. నైక్రోమ్ తీగకు ఒక్కొక్క ఘటమే పెంచుతూ గ్రాఫు గీయించే కృత్యం మెచ్చదగినదే. ఆ తర్వాతి కృత్యంలో టార్చి బల్బును కూడా చేతికిస్తారు. అయితే అమ్మీటరు రీడింగు ఎంత మారిందో చూడమని అంతటితో వదిలేస్తారు. ఆ బల్బుకూ ఘటాలు పెంచి గ్రాఫు గీయమని ఒక్క వాక్యం రాసి ఉంటే, గీత వంగడం పిల్లలే చూసేవారు. అభ్యాసానికి వచ్చేసరికి షరతు మాయమైంది. "నిరోధం మారదనుకొని" అన్న రెండు మాటలు కూడా లేవు.

వోల్టేజిని కరెంటుతో భాగించడం ఓమ్ నియమం కాదు. అది నిరోధానికి నిర్వచనం మాత్రమే. ఏ వస్తువుకైనా అలా భాగించి ఒక అంకె తేవచ్చు. వోల్టేజి మారినా ఆ అంకె మారకపోవడమే నియమం. ఓమ్ 1827లో తన గ్రంథం ప్రచురించడానికి ముందు, వోల్టా ఘటాల వోల్టేజి నిలకడగా ఉండటం లేదని ఉష్ణయుగ్మం వాడాడు. దాని ఒక కొసను మంచులో, రెండో కొసను మరిగే నీటిలో ఉంచాడు. పరిస్థితులు మారకుండా చూడటానికి అంత శ్రమపడ్డ మనిషి పేరిట మనం షరతు లేని భాగహారం నేర్పుతున్నాం.

తెలుగులో చెప్పేటప్పుడు చిక్కు మరికొంత పెరుగుతుంది. పవర్‌కు మనం స్థిరపరచుకున్న మాట 'సామర్థ్యం'. ట్యాంకు సామర్థ్యం 500 లీటర్లు అంటాం. అది ఎప్పుడూ 500 లీటర్లే. బల్బు సామర్థ్యం 100 వాట్లు అన్నా పిల్లవాడికి అలాగే, గాజు మీద అచ్చయిన శాశ్వత గుణంలాగే వినిపిస్తుంది. ఇక 'కరెంటు' సంగతి చెప్పనక్కర్లేదు. వోల్టేజి పడిపోతే 'కరెంటు తక్కువొస్తోంది' అంటాం. మీటరు కొలిచేది శక్తినైతే దాన్ని 'కరెంటు బిల్లు' అంటాం.

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ పాఠమే చదువుతారు. అక్కడి బడులు సీబీఎస్‌ఈ కిందివి. ఆ దీవులకు ప్రధాన భూభాగం నుంచి విద్యుత్తు లైను లేదు. ఉత్తర అండమాన్‌లో 2001లో మొదలైన 5.25 మెగావాట్ల కల్‌పాంగ్ జలవిద్యుత్ కేంద్రం, ఆ తర్వాత వచ్చిన సౌర కేంద్రాలు ఉన్నా, ప్రధాన ఆధారం డీజిల్ జనరేటర్లే. పాఠంలో ఒక ఉదాహరణ ఉంది: 220 వోల్టుల జనరేటరుకు కలిపిన బల్బులో 0.50 ఆంపియర్ల కరెంటు, కనుక 110 వాట్లు. ఫిలమెంటు బల్బుకు ఇది సరే. కానీ పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) జనరేటరు పలకను చూసిన పిల్లవాడికి దాని మీద కేవీఏ అని కనిపిస్తుంది. వాట్లు కాక ఇదేమిటని అడిగితే పాఠంలో జవాబు లేదు.

ఇప్పుడు ఇళ్లలో ఉన్నవి ఎల్‌ఈడీ బల్బులు. పవర్ ఫ్యాక్టరు 0.5 ఉన్న చౌకరకం 9 వాట్ల బల్బు 230 వోల్టుల వద్ద 0.078 ఆంపియర్లు తీసుకుంటుంది. గుణిస్తే 18 వస్తుంది, 9 కాదు. కరెంటు వోల్టేజితో అడుగు కలిపి నడవకపోవడమో, దాని తరంగం ఆకారం చెడటమో ఇందుకు కారణం. ఇంటి మీటరు 9 వాట్లకే లెక్క కడుతుంది. జనరేటరు చుట్టలు, తీగలు మాత్రం 18 వోల్ట్-ఆంపియర్ల కరెంటును మోయాలి. అందుకే 100 కేవీఏ జనరేటరు 0.8 పవర్ ఫ్యాక్టరు వద్ద 80 కిలోవాట్లే ఇవ్వగలదు. పక్క రాష్ట్రం నుంచి అరువు తెచ్చుకునే వీలులేని దీవిలో ఈ 20 తేడా చిన్నదేమీ కాదు.

మంచి డ్రైవరు ఉన్న ఎల్‌ఈడీ బల్బు మరీ చిత్రం. వోల్టేజి కొంత తగ్గితే, వాట్లు నిలుపుకోవడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. దానికి 25 వాట్ల ప్రశ్న వేస్తే భాగహారం తలకిందులవుతుంది. అన్నట్టు, మన దేశంలో ఇళ్లకు ప్రకటించిన వోల్టేజి 230. పుస్తకం ఇంకా 220 దగ్గరే ఉంది.