హెన్రీ లార్డు: విన్నదియు, తీర్చినదియు

నేడు భేస్తాను మొదలగు పేటలను కలుపుకొని దక్షిణముగా విస్తరించిన సూరత్తు, పదునేడవ శతాబ్దమున మొగలు సామ్రాజ్యమునకు ముఖ్యమైన రేవుపట్టణము. ఆంగ్ల వర్తక సంఘమువారి స్థానమునకు 1624లో మతాచార్యుడుగా వచ్చిన హెన్రీ లార్డు, బనియాల మతమును, పారసీల మతమును రెండు భాగములలో వర్ణించిన గ్రంథము 1630లో లండనున వెలువడెను. ఆంగ్ల క్రైస్తవాచార్యుడు హిందూ, పారసీ మతములను గూర్చి ప్రత్యేకముగ రచించిన తొలి గ్రంథములలో నిది యొకటి.

లార్డునందు మెచ్చదగిన గుణము, అడిగి తెలిసికొనుట. పూర్వ యాత్రికుల కట్టుకథలతో తృప్తిపడక, అతడు బ్రాహ్మణులను, పారసీలను ప్రశ్నించెను. కాని ఆ ప్రశ్నలు దుబాసీల నోట నడచినవి. తత్ఫలితము గ్రంథమంతట కానవచ్చును. సాంఖ్యమున తత్త్వములైన పురుష ప్రకృతులు అతని కథలో ఆదాము, అవ్వల వంటి మొదటి దంపతులైరి. వారికి నలుగురు కుమారులు. వారే నాలుగు వర్ణములకు మూలపురుషులు. వీరిలో శూద్రుడు వర్తకుడుగను, వైశ్యుడు చేతిపనివాడుగను చిత్రింపబడిరి. ఏ వర్తకుల పేర గ్రంథము వెలసెనో, ఆ వర్తకుల వర్ణనామమే తారుమారైనది!

పొరపాటు ఎవరికైనను కలుగును. లార్డు దోషము అంతకంటె లోతైనది. తీర్పు ముందే సిద్ధమై యుండగా, వినుట దానికి సాక్ష్యసేకరణ మాత్రమైనది. అయినను విన్న కథను మధ్యలో త్రుంచక సాంతముగ వ్రాసినందున, తీర్పు మాసిపోయినను కథనము నేటికిని చదువదగియున్నది. రచయిత యుద్దేశమును రచన మించిపోవుటకు ఇది చక్కని నిదర్శనము.

ఆ సూరత్తుననే 1758 మొదలు 1761 వరకు నివసించిన ఫ్రెంచి పండితుడు ఆంక్వెతీ దుపెరోన్, పారసీ దస్తూరు కడ శిష్యుడై కూర్చుండి చదివెను. 1771లో అతడు ప్రకటించిన అవెస్తా అనువాదమునను దోషములు లేకపోలేదు. కాని అతడు భాషను ఆశ్రయించెను; లార్డు దుబాసీని ఆశ్రయించెను. తెలుగు నేర్చి వేమనను చదివిన బ్రౌను మనకీ భేదమును చిరపరిచితము చేసినాడు.

మగ్గమును నమ్ముకొని సూరత్తు చేరిన తెలుగువారు నేడనేకులు. పొరుగువాని భాష నేర్వక అతని జీవితమును వ్రాయబూనిన రచయిత, ఎంత సహృదయుడైనను, లార్డు వారసుడే యగును.