ఇంటి కంప్యూటరుపై వెబ్‌సైటు: సులభమైన సాధన మేది?

వెబ్‌సైటులు తయారుచేయు సాఫ్టువేరుల ప్రకటనలు చూచినచో అన్నిటిలోను ‘సులభము’ అను మాట కనబడును. మొదటి పేజీ తయారగువరకు ఆ మాట నిజమే. కాని సాధనము యొక్క గుణము మొదటి దినమున తెలియదు. వ్రాసినదానిని మార్చవలసి వచ్చినప్పుడు తెలియును. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతముల ఇటీవలి చరిత్ర ఇందుకు రెండు మంచి పరీక్షల నిచ్చుచున్నది.

మొదటిది చిరునామా పరీక్ష. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అను నాలుగు జిల్లాలైనది. కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. మంచిర్యాలలోని ఒక ఉన్నత పాఠశాలకు అప్పటికే 40 పేజీల వెబ్‌సైటు ఉన్నదనుకొందము. ప్రతి పేజీ అడుగున ‘ఆదిలాబాద్ జిల్లా’ అని యుండును. దానిని ఒకచోట దిద్దిన చాలునా, 40 చోట్ల దిద్దవలెనా?

కాగితముపై వ్రాసినట్లు తెరపైననే పేజీని కూర్చు సాధనములు మొదటి తరగతివి. మైక్రోసాఫ్టు వారి ఫ్రంట్‌పేజ్ ఒకప్పుడు వీనిలో ప్రసిద్ధమైనది. 2003 తరువాత దానికి కొత్త కూర్పు రాలేదు. అందలి సందర్శకుల లెక్క వంటి కొన్ని సదుపాయములకు సర్వరులో ప్రత్యేక అనుబంధములు కావలెను. అవి లేనిచోట ఆ భాగములు పనిచేయవు. నేడు ఉచితముగా లభించు సీమంకీ కంపోజరు ఈ జాతిదే. ఇంటర్నెట్టు లేకున్నను దానితో పేజీలు వ్రాయవచ్చును. ఫలితముగా వచ్చునది సామాన్యమైన హెచ్.టి.ఎం.ఎల్. ఫైలు. వెబ్‌పేజీ నిర్మాణము నేర్చుకొను విద్యార్థికి ఇది చక్కని పలక. కాని పేజీల నొక్కొక్కటిగా తెరచి దిద్దవలెను గనుక, పెద్ద సైటునకు తగదు.

2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ రెండవ తరగతిది. ఇందులో విషయము డేటాబేసులోను, పేజీ రూపము మూసలోను వేరువేరుగా ఉండును. చదువరి కోరినప్పుడు సర్వరు రెంటిని కలిపి పేజీని అందించును. మూసలో ఒకసారి దిద్దిన 40 పేజీలు మారును. ఐతే ఈ యంత్రాంగము ఎల్లప్పుడు నడుచుచుండవలెను. కొత్త కూర్పులను ఎప్పటికప్పుడు ఎక్కించనిచో దొంగలకు తలుపు తెరచినట్లే. ఈ పనికి మనిషిని కేటాయించలేని పాఠశాలకు ఇది భారము.

పబ్లీ అను ఉచిత సాఫ్టువేరు మూడవ మార్గము చూపినది. మూసను, విషయమును ఇంటి కంప్యూటరులోనే కలిపి, పేజీలన్నిటిని సిద్ధముచేసి సర్వరునకు పంపును. అక్కడ నడువవలసిన డేటాబేసు లేదు. దిద్దుబాటు మాత్రము ఒక్కచోటనే.

రెండవది అక్షర పరీక్ష. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామమున లభించిన వ్రాతప్రతులలోని గోండీ లిపికి 2018లో యూనికోడ్ స్థానము కల్పించినది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమునకు 3 బైట్లు, గుంజాల గోండీ సంకేతమునకు 4 బైట్లు పట్టును. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ‘యూటీఎఫ్8’ అను పాత అమరిక 3 బైట్లకే పరిమితము. అందు తెలుగు నిలుచును, గోండీ నిలువదు. వర్డ్‌ప్రెస్ 2015లో తన 4.2 కూర్పుతో ఈ లోపమును సవరించుకొన్నది. కావున తెలుగు పేజీ సరిగా కనబడినంత మాత్రమున పరీక్ష ముగిసినదని తలచరాదు. ఫాంటు లేని కంప్యూటరులో గోండీ అక్షరములకు బదులు ఖాళీ పెట్టెలు కనబడును. అందుచే ఫాంటును పేజీతోపాటు పంపు వీలును చూచుకొనవలెను. నార్నూరు పరిసరముల పిల్లలు తమ లిపిలో పేజీ వ్రాయగలుగుట దీనిపై ఆధారపడియున్నది.

ఏ సాఫ్టువేరును స్థాపించకుండ, ఒక సంస్థ సైటులోనే పేజీలు కట్టుకొను పద్ధతియు కలదు. అన్నిటికన్న సులభమిదియే. కాని 1994లో ఆరంభమైన జియోసిటీస్‌ను యాహూ 1999లో కొని, 2009లో మూసివేసినది. దానితో అసంఖ్యాకములైన సొంత పేజీలు సైటునుండి తొలగిపోయినవి. అద్దె యింటిలో గోడకు వ్రాసిన చిత్రము ఇల్లు ఖాళీచేయునప్పుడు వెంట రాదు.

ఈ పరీక్షలలో ఇంటి కంప్యూటరునకు పబ్లీయే తగినదిగా తోచును. దానికిని లోపము లేకపోలేదు. సైటు మూలమంతయు ఒకే కంప్యూటరులో ఉండుటచే ఇద్దరు ఉపాధ్యాయులు ఒకేసారి పనిచేయుట కష్టము. డిస్కు చెడినచో శ్రమ అంతయు పోవును. కనుక వారమున కొకసారి మరియొక డిస్కులోనికి నకలు తీసి యుంచవలెను. సాధనము నెన్నుకొనువారు “ఎంత త్వరగా మొదలుపెట్టవచ్చును?” అని గాక, “ఊరి జిల్లా మారినను, సంస్థ మూతపడినను మన వ్రాత మన చేతిలో నుండునా?” అని ప్రశ్నింపవలెను.