కదిలే బండి, కదలని సింహం

సఫారీ బండి దిగి వచ్చినవాళ్లను ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సింహం లేచిందా?" ఫ్లోరిడాలో ఓర్లాండో పక్కనున్న డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో ఈ ప్రశ్నకు జవాబు ఎక్కువసార్లు "లేదు" అనే వస్తుంది. సింహం రోజులో పదహారు నుంచి ఇరవై గంటలు పడుకునే జంతువు. టికెట్ కొని వచ్చాం కదా అని లేవదు. కాకపోతే ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం దానికి తెలియకుండానే ఇంకెవరో తేల్చి పెట్టారు. బండి దారికి ఎదురుగా, కంటికి ఆనేంత ఎత్తులో ఒక బండరాళ్ల గుట్ట కట్టారు. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉండేలా ఆ రాళ్లలో ఏర్పాటు చేశారు. నిద్రపోయేదాన్ని లేపలేరు కాబట్టి, నిద్రపోయే చోటునే మనకు కనబడేలా మలిచారు.

నాకు ఆ సఫారీ మీద ఇష్టం పుట్టింది ఇలాంటి తెలివి చూశాకే.

మేముండేది టాంపాలో. అక్కడి నుంచి ఓర్లాండో కారులో గంట పైచిలుకు దూరం. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ఓర్లాండో చూపించడం ఇక్కడి తెలుగిళ్లలో రాసిపెట్టని బాధ్యత. ఆ బాధ్యత పుణ్యమా అని కిలిమంజారో సఫారీస్ అనే ఆ ఇరవై నిమిషాల సవారీ నాకు బాగా అలవాటైపోయింది. వచ్చినవాళ్లు మిక్కీమౌస్‌తో ఫోటోలు దిగుతారు. నేను మాత్రం మెడలో కెమెరా వేసుకుని హరాంబే అనే ఆ ఉత్తుత్తి ఆఫ్రికా ఊరి వైపు నడుస్తాను.

ఈ సవారీకి ఒక పాత కథ ఉంది. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు అక్కడి జంగిల్ క్రూయిజ్‌లో నిజమైన జంతువులనే పెట్టాలని వాల్ట్ డిస్నీ అనుకున్నాడు. అవి పగలంతా నిద్రపోతాయి, లేదంటే దాక్కుంటాయి, పడవ పడవకీ కనబడవు అని తెలిసినవాళ్లు చెప్పారు. దాంతో యంత్రాల జంతువులు వచ్చాయి. ఈనాటికీ అక్కడ ప్రతి పడవకీ అదే హిప్పో అదే చోట తల ఎత్తుతుంది. ఫోటోకి అంతకన్నా సులువైన జంతువు ఉండదు. అంతకన్నా విసుగు పుట్టించేదీ ఉండదు. నిన్న తీసిన ఫోటోకీ ఇవాళ తీసిన ఫోటోకీ తేడా ఆకాశంలో మబ్బు ఒక్కటే.

1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు, యానిమల్ కింగ్‌డమ్ తెరిచి ఆ పాత కోరిక తీర్చారు. రూపకల్పన బృందానికి పెద్ద జో రోడ్. జంతువులను పెట్టి పార్కు కడితే ఎవరు చూస్తారని పైవాళ్లు సందేహిస్తే, ఆయన సమావేశం గదిలోకి బతికున్న పులినే నడిపించాడని చెప్పుకుంటారు. సఫారీ ఒక్కదానికే 110 ఎకరాలు. మొదట్లో దీనికి ఒక కథ కూడా అతికించారు: వేటగాళ్లు ఏనుగు పిల్లను ఎత్తుకుపోతారు, బండి వాళ్లను తరుముతుంది. ఆ తరుములాటను తర్వాత తీసేసి, 2012లో చారల గుర్రాలను తెచ్చారు. నా మటుకు నాకు అది మంచి పనే. ఏనుగు ఎదురుగా మట్టి జల్లుకుంటుంటే కట్టుకథ ఎవరికి కావాలి?

అక్కడ కనబడేవాటిలో జంతువులు నిజం, చుట్టూ ఉన్నదాంట్లో చాలావరకు అల్లిక. ఆఫ్రికా మైదానంలో పైన చదునుగా పరుచుకునే తుమ్మల్లా కనబడేవి నిజానికి ఫ్లోరిడా లైవ్ ఓక్ చెట్లు. కొమ్మలు కత్తిరించి ఆ ఆకారం తెచ్చారు. మహావృక్షాల్లా నిలబడ్డ బావొబాబ్‌లు కాంక్రీటు. గతుకుల మట్టిరోడ్డూ కాంక్రీటే: మట్టి రంగు కలిపి పోసి, తడి ఆరకముందే టైర్లు దొర్లించి, రాళ్లూ పుల్లలూ అద్ది ఆరబెట్టారు. జింకకీ చీతాకీ మధ్య కందకాలున్నాయి, బండిలోంచి చూస్తే కనబడవు. మేత ఎక్కడ దొరుకుతుంది, నీడ ఏ వేళకు ఎటు పడుతుంది, నీళ్లు ఎక్కడ నిలుస్తాయి అన్నవన్నీ ఎవరో కూర్చుని లెక్క కట్టినవే.

అంచేత ఇక్కడ జంతువును పసిగట్టడం అంటే అడవిలో అడుగుజాడలు వెతకడం లాంటిది కాదు. ఆ లెక్క కట్టినవాడి మనసు చదవడం. మేత దాచే చోటు అనిపించే పుట్టల మీద, చెట్టు మానుల మీద కన్నేసి ఉంచాలి. చీతా మిట్ట ఎక్కి నాలుగు దిక్కులూ చూసే రకం కాబట్టి దానికి మిట్టలు కట్టారు. కళ్లు అక్కడికి వెళ్లాలి. పగటిపూట హిప్పో నీళ్లలోంచి చెవులు, కళ్లు, ముక్కుపుటాలు మాత్రమే బయట పెడుతుంది కాబట్టి దేహం కోసం వెతకొద్దు, నీటి మట్టం మీద మూడు జతల బుడిపెల కోసం చూడాలి. ఇక మొసళ్లు వంతెన కింద గట్టు మీద నోరు తెరుచుకుని పడి ఉంటాయి. వాటిని పసిగట్టేందుకు నేర్పు అక్కర్లేదు, బండిలో అంచు సీటు దొరికితే చాలు.

అసలు పరీక్ష మొదట్లోనే వస్తుంది. బండి బయల్దేరగానే చొరబడేది చెట్లు మూసుకున్న చీకటి తోవలోకి. అందరూ ఇంకా సీట్లలో సర్దుకుంటూ ఉంటారు, పిల్లల టోపీలు సరిచేస్తూ ఉంటారు. ఒకాపి ఉండేది సరిగ్గా అక్కడే. జిరాఫీకి దగ్గరి చుట్టం. కాంగో అడవుల్లోని ఈ జీవి శాస్త్ర ప్రపంచానికి తెలిసిందే 1901లో. ముదురు గోధుమ రంగు ఒళ్లు నీడలో కలిసిపోతుంది. వెనక తొడల మీది తెల్లచారలు మాత్రం ఆకుల సందుల్లోంచి పడే వెలుతురు గీతల్లా మెరుస్తాయి. ఆ గీతలు కదిలాయంటే అది వెలుతురు కాదు. అదే తోవలో నల్ల ఖడ్గమృగం కూడా. దూరం పోయాక మైదానంలో తెల్ల ఖడ్గమృగం వస్తుంది. రెండూ బూడిద రంగే, రంగు చూసి తేల్చుకోలేం. మూతి చూడాలి: పొదల కొమ్మలు అందుకుని తినే నల్లదానికి పైపెదవి కొక్కెంలా ముందుకు సాగి ఉంటుంది, గడ్డి మేసే తెల్లదానికి మూతి వెడల్పుగా, చదునుగా ఉంటుంది.

ఇక కెమెరా సంగతి. బండి ఆగదు. ఆగినా ఎంతసేపో మనకు తెలియదు. బండి నడిపే మనిషే గైడు కూడా. వెనక ఇంకో బండి వస్తూ ఉంటుంది. నిలబడకూడదు. పక్కన ఎవరి తల అడ్డం వస్తుందో చెప్పలేం. ఇలాంటప్పుడు మొదట వదులుకోవాల్సింది ఓపికగా కూర్పు చేసుకుని తీద్దామనే ఆశ. చీకటి తోవలో ఐఎస్ఓ 3200 దాకా పెంచి, షట్టర్ సెకనులో 250వ వంతుకు తెచ్చుకుంటాను. గింజలు కనబడితే కనబడనీ, కదిలిపోయిన ఫోటో కన్నా నయం. మైదానంలోకి రాగానే షట్టర్ 1000వ వంతుకు వెళ్లిపోతుంది. ఫోకస్ ఎప్పుడూ వెంటాడే పద్ధతిలోనే ఉండాలి, ఎందుకంటే జంతువు కదలకపోయినా మనం కదులుతున్నాం. చాలామంది మోచేతిని బండి కడ్డీ మీద ఆనిస్తారు, స్థిరంగా ఉంటుందనుకుని. ఇంజన్ వణుకంతా ఆ కడ్డీలోంచి నేరుగా లెన్స్‌లోకి వస్తుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుని, గతుకుల్ని నడుముతో మింగాలి. ఆ గతుకులు కూడా పోసినవే కదా, ఎప్పుడూ ఒకే చోట వస్తాయి. నాలుగుసార్లు ఎక్కినవాడికి ఎక్కడ కెమెరా దించాలో ఒంటికే తెలిసిపోతుంది.

ఇంకొకటి, పుస్తకాల్లో తక్కువగా కనబడేది. బండి సీట్లు ఎత్తులో ఉంటాయి. జంతువు పక్కకు వచ్చాక తీస్తే దాని వీపూ నడినెత్తీ పడతాయి, ముఖం పడదు. అందుకని బండి ఇంకా దూరంలో ఉండగానే, కోణం చదునుగా ఉన్నప్పుడే తీసేయాలి. పక్కన కూర్చున్నవాళ్లు "అదిగో, ఇప్పుడు తియ్యి" అనేటప్పటికి నా పని అయిపోయి ఉంటుంది. దాటాక ఇంకో అవకాశం ఉంది. బండి పోయాక మేస్తున్న జంతువు తల ఎత్తి అటూ ఇటూ చూస్తుంది. ఆ ముఖం చివరి వరసలో కూర్చున్నవాడికే దక్కుతుంది. ఎక్కించేవాళ్లను చివరి వరస కావాలని మర్యాదగా అడుగుతాను. కొన్నిసార్లు ఇస్తారు, కొన్నిసార్లు ఇవ్వరు.

ఇంత సిద్ధమయ్యాక జిరాఫీ వచ్చి మొత్తం చెడగొడుతుంది. అక్కడ దారి మీద మొదటి హక్కు జంతువుది. జిరాఫీ రోడ్డుకి అడ్డంగా నిలబడితే వెనక బండ్లన్నీ ఆగిపోవాల్సిందే. చేతిలో 300 మిల్లీమీటర్ల లెన్స్, ఎదురుగా జిరాఫీ ఒక కాలు. లెన్స్ మార్చే తీరిక లేదు, మార్చితే సెన్సర్ నిండా దుమ్ము. అప్పుడు జేబులోంచి ఫోన్ తీస్తాను. ఆ సఫారీలో నేను తీసినవాటిలో ఇంట్లోవాళ్లు ఫ్రేము కట్టించిన ఫోటో ఫోన్‌తో తీసిందే, అదీ ముందు సీటులోని పిల్ల నోరు తెరుచుకుని పైకి చూస్తున్న ఫోటో. జిరాఫీ అందులో మెడ దాకా మాత్రమే ఉంది.

వేళ గురించి రెండు మాటలు. రాత్రి లోపల ఉండి పొద్దున్నే బయటికి వదిలిన జంతువుల్లో చురుకుంటుంది, ఎండ కూడా అడ్డంగా పడుతుంది. మొదటి బండ్లలోనే ఎక్కాలి. వేసవి మధ్యాహ్నాలు వృథా. అయితే ఫ్లోరిడా వేసవిలో మధ్యాహ్నం దాటాక తరచూ ఉరుముల వాన పడుతుంది, పడి ఆగాక గాలి చల్లబడి అన్నీ లేచి తిరుగుతాయి. మంచి వెలుతురు, కడిగిన ఆకులు, ఖాళీ క్యూ, మూడూ ఒకేసారి దొరికే వేళ అది. ఇంకో చిక్కు ఇక్కడి ఉక్క. ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి బయట తీయగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. సంచీలోంచి తీయకుండా అరగంట బయటి గాలికి అలవాటు పడనిస్తే చాలు.

హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో సఫారీ బస్సు ఎక్కి పెరిగినవాళ్లకు తెరిచిన బండి కొత్తగా ఉంటుంది. అక్కడ మనం జాలీ కిటికీల లోపల, సింహం బయట. జాలీ ఉన్నచోట లెన్స్‌ను దానికి దాదాపు ఆనించి, అపర్చర్ పూర్తిగా తెరిస్తే ఆ తీగలు ఫోటోలో కరిగి మాయమైపోతాయి. ఆ కిటుకు తెలిసినవాడికి జూలో పంజరాలు సగం పోయినట్టే. ఇక్కడ డిస్నీవాళ్లు ఆ మాయం చేసే పనిని కెమెరా దాకా రానివ్వకుండా నేలలోనే చేసిపెట్టారు. పొడుగు లెన్స్‌తో చూస్తే దూరాలు నొక్కుకుపోయి, కందకానికి అటుదీ ఇటుదీ ఒకే గడ్డిలో నిలబడ్డట్టు పడతాయి.

అక్కడే నాకు ఒక పట్టింపు ఉంది. ఆ ఫోటో కింద "ఆఫ్రికా మైదానంలో" అని రాసేవాళ్లను చూశాను. లండన్‌లో ఇచ్చే వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009లో బహుమతి పొందిన ఒక ఫోటో ఉంది: రాత్రిపూట కర్రగేటు మీదుగా దూకుతున్న తోడేలు. అది అడవి తోడేలు కాదు, మచ్చిక చేసినది అయ్యే అవకాశమే ఎక్కువని న్యాయనిర్ణేతలు తేల్చి, 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. తీసిన మనిషి ఒప్పుకోలేదు. ఫోటో మాత్రం ఇవాళ చూసినా అద్భుతంగానే ఉంటుంది. నా ఫోటోల కింద నేను ఊరి పేరు ఓర్లాండో అనే రాస్తాను. 2023 డిసెంబరులో అక్కడ కోరా అనే ఏనుగు పిల్ల పుట్టింది. దాని తల్లి నదీరా కూడా అదే పార్కులో పుట్టింది. ఆ కుటుంబానికి ఫ్లోరిడానే సొంతూరు. ఆ తల్లీపిల్లల కింద కెన్యా అని రాస్తే గొప్పదనం పెరగదు, అబద్ధం పెరుగుతుంది. ఎవరో లెక్క కట్టి నిలబెట్టిన చోట, లెక్కలో లేని క్షణాన తొండం ఎత్తిన ఏనుగు అది. నాకు ఫోటోలో కావాల్సింది ఆ లెక్కలో లేని క్షణమే. యంత్రపు హిప్పో దగ్గర దొరకనిదీ అదే.

చుట్టాల్లో ఈ సవారీని నాకన్నా బాగా చూసినవాడు మా మావయ్య. ప్రకాశం జిల్లాలో జీవితమంతా ఎడ్లతో సేద్యం చేసిన మనిషి. ఏనుగుకి తల తిప్పలేదు, సింహానికి పెదవి విరిచారు. మైదానంలో అంకోలే పశువులు కనబడగానే లేచి నిలబడబోయారు. డ్రైవరు మైకులో కూర్చోమంది. ఉగాండా వైపు పశువులవి, ఒక్కో కొమ్ము బారెడు పొడుగు; వాటిలో ప్రవహించే నెత్తురు ఒంటి వేడిని బయటికి పంపుతుందంటారు.

"అల్లుడూ, కొమ్ములు తర్వాత. ఆ మూపురం చూడు. మన వైపు రక్తం లేకపోతే అది రాదు," అన్నారు మావయ్య.

"ఇవి ఆఫ్రికావి మావయ్యా."

"అయితే ఏం? ఒంగోలు గిత్త బ్రెజిల్ పోలేదా?"

ఇంటికి వచ్చి చదివితే ఆయన మాట నిజమే. శతాబ్దాల కిందట ఆసియా నుంచి వెళ్లిన మూపురం పశువులు, అక్కడి మూపురం లేని జాతులతో కలవగా పుట్టిన సంగా వంశంలోవే అంకోలేలు. బండి ఎక్కిన అంతమందిలో మూపురం చూసినవాడు ఆయనొక్కడే. నేను తీసిన ఫోటో ఆ రాత్రే ఊళ్లో వాట్సాప్ గ్రూపుకి వెళ్లింది. తెల్లారేసరికి జవాబు వచ్చింది: కొమ్ములు బాగున్నాయి గానీ పాలెన్ని ఇస్తుంది? తక్కువేనట అని నేను చెబితే మావయ్య నమ్మలేదు. పొదుగు కనబడేలా ఇంకో ఫోటో తియ్యమన్నారు. శనివారం మళ్లీ వెళ్తున్నాం.