లెక్క గుంత దగ్గర మొదలెట్టాలి

చీరాల పక్కన మా పేరాలలో ఎవరైనా పెరట్లో గది వేస్తున్నారంటే చుట్టుపక్కల వాళ్లు అడిగేది ఒకటే: అద్దెకా, పెళ్లయిన పిల్లాడికా, మగ్గానికా? మా ఇంట్లో ఇప్పుడు వేస్తున్నది చివరి రెంటికీ. పగలు అందులో పెద్దనాన్న మగ్గం నడుస్తుంది. రాత్రి ఓ పక్కన తమ్ముడూ మరదలూ పడుకుంటారు. లోపలి కొలత 14 అడుగులు, 12 అడుగులు.

ఎస్టిమేటు కోసం ఎవరిని పిలిచినా ముందు కప్పు సంగతే ఎత్తుతున్నారు. స్లాబా, రేకులా, పెంకా? చదరపు అడుగుకి ఇంత అని ఓ అంకె చెప్పి, దాన్ని 168తో హెచ్చవేసి చేతిలో పెడుతున్నారు. మామూలు గదికి ఆ పద్ధతి సరిపోతుందేమో. మగ్గం గదికి మాత్రం లెక్క గుంత దగ్గర మొదలై పైకి పోవాలి. నేతపని వాళ్ల ఇంట పుట్టి, ఏటా తుపాను రోజుల్లో ఆగిపోయే మగ్గాల్ని చూస్తూ పెరిగినవాడిగా ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

గుంత మగ్గం చూడని వారి కోసం రెండు మాటలు. నేతగాడు నేల మట్టానే కూర్చుంటాడు, కాళ్లు మాత్రం గుంతలో ఉంటాయి. అక్కడి చెక్కల్ని మార్చి మార్చి తొక్కుతుంటే పడుగు పోగులు పైకీ కిందికీ విడిపోతాయి. ఆ సందులోంచి నాడె పేకను పట్టుకుని అటూ ఇటూ పరుగెడుతుంది. గుంత లోతు మనిషి కాళ్లను బట్టి రెండున్నర అడుగులు, కాస్త అటూ ఇటూ. నేలలోని చెమ్మ గుంతలోంచి పైకొచ్చి పడుగుకి తగులుతూ ఉంటుంది. గంజి పెట్టిన నూలు మరీ ఎండితే పుటుక్కున తెగుతుంది, చెమ్మ తగిలితే మెత్తగా సాగుతుంది. అంటే గుంతకి చెమ్మ కావాలి, నీళ్లు రాకూడదు. పేరాలలో మగ్గం గది కట్టేవాడి కష్టమంతా ఈ రెంటి మధ్యే ఉంది.

మాది ఇసుక నేల. సముద్రం ఆరేడు కిలోమీటర్లే. వాన నీళ్లు ఇట్టే ఇంకుతాయి గానీ, ఆశ్వయుజ కార్తీకాల్లో ముసురు పట్టి వరసగా కురిస్తే భూమిలోని నీళ్లే పైకొచ్చేస్తాయి. పైనుంచి చుక్క కారకపోయినా గుంత అడుగున ఊట పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల్లో గుంతలో నీళ్లు తోడిపోస్తూ కూర్చోవలసిందే, తోడినకొద్దీ ఊరుతూనే ఉంటాయి. పడుగు తడుస్తుంది, గంజి కరుగుతుంది, చెక్కలు ఉబ్బుతాయి. నీళ్లు పోయాక కూడా పని వెంటనే అందుకోదు. స్లాబు ఎంత గట్టిగా వేసినా ఈ ఊటను ఆపలేదు.

అందుకే గది పొడవు వెడల్పుల కన్నా ముందు తెలుసుకోవలసింది, కార్తీకంలో పక్కింటి బావిలో నీళ్లు నేలకి ఎంత కిందుగా ఉంటాయని. కిందటి తుపానుకి పెరట్లో ఎంతవరకు నిలిచాయో పాత గోడల మీది మరకలు చెబుతాయి. మా వీధిలో చెడ్డ ఏట నీళ్లు దాదాపు నేల మట్టానికి వస్తాయి. గుంత లోతు రెండున్నర అడుగులు, ఊటకి అందకుండా మరో అరడుగు, మొత్తం మూడడుగుల ఎత్తున గచ్చు ఉండాలి.

"మూడడుగులెందుకండీ, పెద్దాయన మెట్లెక్కలేరు" అన్నాడు మేస్త్రీ.

"మెట్లకేముందిలే మేస్త్రీ, పక్కన కమ్మీ పెట్టిస్తే పట్టుకుని ఎక్కుతాను. గుంత మునిగితే నేనేం చెయ్యను?" అన్నాడు పెద్దనాన్న. దానితో ఆ వాదన తీరిపోయింది.

మెరక ఖర్చు కూర్చుని లెక్కేశాం. 168 చదరపు అడుగులు, మూడడుగుల ఎత్తు: 504 ఘనపుటడుగులు. దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి 600 అనుకున్నాం. ట్రాక్టరు ట్రక్కు వంద పడుతుంది, కాబట్టి ఆరు ట్రక్కులు. అందరూ తోలించే ఒకటిన్నర అడుగుల మెరకకి మూడు చాలు. గోడ మధ్య గీత వెంట కొలిస్తే చుట్టుకొలత 55 అడుగులు. లోపలి మెరక గోడను బయటికి నెట్టకుండా బేస్‌మెంటు గోడ పదమూడున్నర అంగుళాల మందం పెడుతున్నాం. అదనంగా లేపే ఒకటిన్నర అడుగుకి సుమారు 93 ఘనపుటడుగుల కట్టుబడి, ఓ 1,300 ఇటుకలు, నాలుగు బస్తాల సిమెంటు. మూడు ట్రక్కులూ కూలీ కలిపితే ఈ ఎత్తు కోసం పెట్టేది ముప్పై వేల దగ్గర తేలింది. మేస్త్రీ చెప్పిన చదరపు అడుగుకి రెండు వేల చొప్పున గది మొత్తం 3,36,000 రూపాయలు. అందులో ఈ ముప్పై వేలు పదో వంతుకి లోపే. మంచి టైల్సు కోసం ఇంతకన్నా ఎక్కువ పెట్టే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

మెరక పెంచితే చెమ్మ పోదా బావగారూ అని అడిగింది మరదలు. సరైన అనుమానమే. గుంత చుట్టూ ఇటుక కట్టిస్తున్నాం, లేకపోతే ఇసుక జారి గుంత పూడిపోతుంది. అడుగున మాత్రం సిమెంటు పుయ్యడం లేదు, ఇసుకే ఉంటుంది. ఎండాకాలం ఆ చెమ్మ చాలకపోతే పొద్దున్నే నీళ్లు చిలకరించుకోవచ్చు. తగ్గిన చెమ్మను పెంచుకోవడం మన చేతిలో పని, కిందినుంచి ఊరే నీళ్లను ఆపడం మన చేతిలో లేదు.

ఇసుకలో పునాది తవ్వడం చూడవలసిన పని. మూడడుగుల లోతు, రెండున్నర వెడల్పు. పొడి ఇసుకని తవ్వితే అంచులు జారి కందకం మళ్లీ నిండిపోతుంది. ముందురోజు బాగా తడిపి తవ్వాలి, అడుగున నీళ్లు కట్టి దిమ్మిస కొట్టాలి, ఆ పూటే ఆరంగుళాల కాంక్రీటు పడిపోవాలి. పక్కలకి జారకుండా పట్టి ఉంచితే ఇసుకంత నమ్మకమైన నేల ఇంకోటి లేదు. మెరకనీ ఇలాగే పొరలు పొరలుగా పోసి, తడిపి, కొట్టాలి. ఒక్కసారే నింపేస్తే రెండేళ్లకి గచ్చు కుంగుతుంది, గచ్చుతో పాటు మగ్గం మట్టమూ తప్పుతుంది.

ఈ ప్లానునే తెనాలికి తీసుకెళ్తే పనికిరాదు. అక్కడ నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. పెద్ద మేడ బరువుకి కాస్త లొంగుతుందేమో గానీ, బరువు లేని పెరటి గదిని సులువుగా ఎత్తి గోడలు చీలుస్తుంది. చిన్న గదే కదా అని చిన్న పునాది వేసేవాళ్లు నష్టపోయేది ఇక్కడే. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన పైల్సును రూపొందించింది. తడీ పొడీ మారని లోతుకి, మామూలుగా మూడున్నర మీటర్లకి, వాటిని దింపుతారు.

మా వైపు మరో శత్రువు ఉప్పు. దగ్గరే కదా అని సముద్రపు ఇసుక తెచ్చి కాంక్రీటులో కలిపితే లోపలి ఇనుము తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడుతుంది. బోరు నీళ్లనీ పరీక్ష చేయించాలి: ఇనుము వేసే కాంక్రీటులో కలిపే నీళ్లలో లీటరుకి 500 మిల్లీగ్రాములకి మించి క్లోరైడు ఉండకూడదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ఏటి ఇసుక 2024 జూలై నుంచి రాష్ట్రంలో ఉచితమే గానీ ఎత్తుబడీ రవాణా మనవే. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ మిగులు మెరకకి పెట్టమని నా సలహా.

పెరట్లో గది లేస్తే ఇంటి పన్నూ పెరుగుతుంది. మా ఊళ్లో ఇది తేలిగ్గా తీసుకునే మాట కాదు. 1919లో చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసినప్పుడు, ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలవుతుందని జనం ఎదురుతిరిగారు. 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట, సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగరంలో గుడిసెలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. వాళ్లలో నేతవాళ్లూ ఉన్నారు. మగ్గం చట్రాన్ని ఎత్తుకుపోవచ్చు గానీ గుంతని ఎత్తుకుపోలేరు. నేతగాడు ఇల్లు వదిలాడంటే పనిని కూడా వదిలినట్టే. ఆ త్యాగం బరువు, గుంత తవ్వించేటప్పుడు నాకు ఇంకా బాగా తెలిసింది.

పన్నులూ రుసుముల మాట వచ్చింది కాబట్టి మరో సంగతి: కాలిఫోర్నియాలో స్థిరపడ్డ మనవాళ్లు అమ్మానాన్నల కోసం పెరట్లో చిన్న ఇళ్లు కట్టిస్తున్నారు. అక్కడ వాటిని ఏడీయూ అంటారు. 750 చదరపు అడుగుల లోపు అయితే, పట్టణ సౌకర్యాల భారం పేరుతో వేసే రుసుమును 2020 నుంచి అక్కడి చట్టం తీసేసింది. చిన్నగా కట్టుకునేవాడి మీద బరువు తగ్గించాలన్న ఆ ఆలోచన మన పురపాలక సంఘాలకీ రావాలి, మగ్గం గదుల విషయంలో మరీను.

జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమం కింద మగ్గం షెడ్డుకి 1,20,000 రూపాయల లెక్కన సాయం ఉంది. మా మేస్త్రీ రేటున అది 60 చదరపు అడుగులకి సరి. మగ్గం దించి, చుట్టూ మనిషి తిరగడానికి కూడా చాలదు. చేతి డబ్బు కలుపుకున్నా చాలనివాళ్లు ఎక్కడ తగ్గించుకుంటారు? మెరక దగ్గరే. కట్టాక ఫొటో తీస్తే కప్పు కనబడుతుంది, మెరక కనబడదు. చీరాల, పేరాల, జాండ్రపేటల్లోని షెడ్లకి మెరక ఖర్చును చేనేత శాఖ వేరే పద్దు కింద ఇవ్వాలి. మన సంఘాల వాళ్లు ఈసారి అర్జీలు పెట్టేటప్పుడు షెడ్డు పొడవు వెడల్పులతో పాటు గచ్చు ఎత్తు కూడా రాయించండి. కిందటి తుపానుకి ఆ పెరట్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో దాని పక్కనే రాయించండి.