గచ్చు ఆరేదాకా

గచ్చిబౌలిలో మా ఫ్లాటు పద్దెనిమిదో అంతస్తులో ఉంది. బాల్కనీలోంచి చూస్తే కనుచూపు మేరా అద్దాల మేడలే. గచ్చు ఉన్నదల్లా ఊరి పేరులోనే. గచ్చు, అంటే సున్నపు పూత, పూసిన బావి ఒకటి ఉండేదని, అందుకే గచ్చిబౌలి అయిందని చెప్తారు. మా అపార్ట్‌మెంటులో గచ్చును చేత్తో తాకిన మనిషి ఉన్నాడని నేననుకోను. రెండేళ్ల కిందటి దాకా నేనూ తాకలేదు.

ఇప్పుడు నా ఆదివారాలు పాతబస్తీలోని గౌలిపురాలో గడుస్తున్నాయి. అక్కడ మా అమ్మమ్మ ఇల్లుంది. మూరెడు మందం గోడలు, టేకు దూలాలు, నడుమ వాకిలి, కాళ్ల కింద షాబాద్ బండలు, వీధి వైపు అరుగు. ఆ ఇంటికి ఎండావానలు చేసిన చెరుపు తక్కువ, నేను చేసిందే ఎక్కువ. 2009లో బోనస్ డబ్బులు చేతికొచ్చిన ఊపులో, అమ్మమ్మ మురిసిపోతుందని గోడలన్నిటికీ, అరుగుకూ సిమెంటు పూయించి, పైన మెరిసే పెయింటు వేయించాను. మూడు వానాకాలాలు తిరిగేసరికి నడుమెత్తు దాకా చెమ్మ ఎక్కింది. ఉప్పు పూసి పెచ్చులు రాలసాగాయి. ‘‘మంచిగున్న గోడకు రోగం తెచ్చిపెడ్తివి గదరా’’ అంది అమ్మమ్మ. నా దగ్గర జవాబు లేదు.

పాత ఇళ్ల పునాదుల్లో తేమను ఆపే పొర ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం పూత దాన్ని ఎప్పటికప్పుడు గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. బయటికి పోలేని తడి లోపలి సున్నాన్ని, రాయిని తినడం మొదలుపెడుతుంది. ఈ తప్పు నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసి కొంచెం ఊరట పడ్డాను. మా ఫ్లాటు నుంచి కారులో అరగంట కూడా పట్టని కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి 2013లో మొదలుపెట్టి 2024 దాకా పని చేశాయి. కొత్తగా పూయడం మాట అటుంచి, ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో మెత్తిన సిమెంటును గీకి తీయడమే అక్కడ పెద్ద పనైంది.

మా గోడల సిమెంటు తీసి మళ్లీ సున్నమే పూయిద్దామని వెతికితే, ఆ పనిలో చెయ్యి తిరిగిన మేస్త్రి ఒకాయన దొరికాడు. పాలమూరు మనిషి, అరవై దాటాయి. నన్ను మొదటి నెలంతా తాపీ ముట్టుకోనివ్వలేదు. ‘‘ముందుగాల సున్నం సూడు బిడ్డా’’ అన్నాడు. గుంటలో నీళ్లు నింపి కాల్చిన సున్నపురాళ్లు వేస్తే బుసబుసమని ఉడుకుతాయి. దగ్గరికి పోతే ఆవిరికి మొహం మండుతుంది. ఆ వేడి చల్లారాక రోజుల తరబడి నాననివ్వాలి. పైన తడి ఆరిపోకుండా చూసుకోవాలి. తర్వాత ఇసుక కలిపి గానుగలో నూరతారు. కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తారు. ఆ వాసన మిఠాయి కొట్టుకూ మందుల కొట్టుకూ మధ్యలో ఎక్కడో ఉంటుంది. బెల్లం డబ్బాకు చీమలు పట్టినప్పుడల్లా మేస్త్రి నన్నే చూసేవాడు, మూత పెట్టడం నా డ్యూటీ గనక.

గోడకు పూశాక అసలు పని మొదలు. ఆరుతున్నకొద్దీ సన్నటి చీలికలు పడతాయి. కట్టె బద్దతో తట్టి తట్టి వాటిని మూయాలి. ఇవాళ తట్టి, రేపు వచ్చి మళ్లీ తట్టాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ సున్నం మెల్లగా తిరిగి రాయవుతుంది. తొందరపెడితే పొడిపొడిగా రాలిపోతుంది. రెండు వారాలకోసారి పని తెమిల్చి చూపించాల్సిన ఉద్యోగం చేసేవాడికి ఇది మింగుడుపడలేదు. ‘‘ఇంకెన్ని రోజులు?’’ అని అడిగితే మేస్త్రి గోడ మీద అరచెయ్యి ఆనించి, ‘‘దాన్నే అడుగు’’ అన్నాడు.

హైదరాబాద్‌కు బాగుచేయడం రాదనను. చౌమహల్లా ప్యాలెస్‌ను బాగుచేసి 2005లో జనానికి తెరిచారు. 2010లో యునెస్కో పురస్కారం వచ్చింది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ మళ్లీ కళకళలాడుతోంది. కోఠి రెసిడెన్సీ దర్బారు హాలులో కాగితపు గుజ్జుతో చేసిన పైకప్పు నగిషీలు కూడా తేరుకున్నాయి. కానీ ఇవన్నీ ప్యాలెస్‌లు, సమాధులు, మార్కెట్లు, కొలువుకూటాలు. గౌలిపురా, షాలిబండ, హుస్సేనీ ఆలం గల్లీల్లో మనుషులు కాపురముండే ఇళ్ల సంగతి? పేట ప్రాణం ఉన్నది వాటిలో. వారసత్వ కట్టడాల జాబితాలో పేరుంటే కూల్చకుండా ఆపొచ్చు. 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చకుండా హైకోర్టు ఆపింది కూడా. మా ఇంటి పేరు ఏ జాబితాలోనూ లేదు. ఉన్నా, పెచ్చులూడిన గోడకు సున్నం ఎవరి డబ్బుతో పూయాలో జాబితా చెప్పదు. నలుగురు వారసులు, నాలుగు వాటాలు. మా పెద్దమామకు బిల్డర్ ఫోన్ చేయని పండగ లేదు.

ఈ డబ్బు చిక్కుకు అహ్మదాబాద్ దగ్గర ఒక దారి ఉంది. దాని పాతబస్తీ 2017లో ప్రపంచ వారసత్వ నగరమైంది. అక్కడ జాబితాకెక్కిన ఇంటి యజమాని, తన స్థలంలో కట్టుకోకుండా వదులుకున్న అంతస్తుల హక్కును కొత్త నగరంలోని బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఆ డబ్బు ఇంటికే పెట్టొచ్చు. దీన్నే టీడీఆర్ అంటారు. మన దగ్గరా టీడీఆర్ ఉంది, రోడ్లకు స్థలం వదులుకున్నవాళ్ల చేతుల్లో ఆ కాగితాలు కనిపిస్తుంటాయి. చిక్కల్లా గచ్చిబౌలి ఉన్న మా పడమటి దిక్కునే ఉంది. స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే ఎఫ్ఎస్ఐ పరిమితిని 2006లోనే హైదరాబాద్‌లో ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, స్థలం సరిపోతే ఎంత ఎత్తయినా లేపుకోవచ్చన్నారు. 2023 ఆగస్టు వేలంలో ఆ దిక్కునే ఉన్న కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాడికి ఎత్తు ఎలాగూ వస్తున్నప్పుడు, గౌలిపురా ఇంటి నెత్తి మీది ఖాళీ ఆకాశానికి ఏం ధర కడతాడు? మా పద్దెనిమిదో అంతస్తు ఆ లెక్కలోనే వచ్చింది. దాని ఈఎంఐ నేనే కడుతున్నాను కాబట్టి ఇంతకంటే గట్టిగా మాట్లాడలేను.

మా పడమటి దిక్కు కూడా ఒక పాత ఇంటికి రుణపడే ఉంది. ఆబిడ్స్‌లో గోల్డెన్ థ్రెషోల్డ్ ఉంది, సరోజినీ నాయుడి ఇల్లు. 1905లో వచ్చిన ఆమె మొదటి కవితల పుస్తకానికీ అదే పేరు. 1974లో పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదట నడిచింది ఆ ఇంట్లోనే. ఇప్పుడదే యూనివర్సిటీ గచ్చిబౌలిలో, మా బాల్కనీకి ఎదురుగా, పెద్ద ప్రాంగణంలో ఉంది. ఐటీ మేడ సైబర్ టవర్స్ వచ్చింది ఆ తర్వాతే, 1998లో. అంటే ఈ పడమటి దిక్కుకు చదువు వచ్చింది గోల్డెన్ థ్రెషోల్డ్ గడప దాటే. ఇల్లు ఉంచుకుందామని మా మామలను ఒప్పించడానికి వాడిన వాదనల్లో ఇదొకటి. పని చేయలేదు. కింది భాగం అద్దెకిస్తే నెలకెంతొస్తుందో కాగితం మీద రాసి చూపించాక ఇద్దరు ఒప్పుకున్నారు. మిగతా ఇద్దరు ‘‘చూద్దాం’’ అన్నారు. మా ఇంట్లో ‘‘చూద్దాం’’ అంటే సగం ఒప్పుకున్నట్టే.

పోయిన ఆదివారం అరుగుకు ఆఖరి పూత వేశాం. మేస్త్రి నున్నటి రాయితో రుద్ది రుద్ది, మునివేళ్లతో తడిమి చూసి, నన్ను తీసుకుని చాయ్‌కి పోయాడు. మేం తిరిగొచ్చేసరికి పక్కింటి పిన్ని అరుగు మీద కూరగాయల గంప పెట్టుకుని, పక్కనే కూర్చుని తోటకూర గిల్లుతోంది. ఏళ్లుగా సిమెంటు పగుళ్లతో గుచ్చుకునే ఆ అరుగు మీద ఎవరూ కూర్చున్నది లేదు. ‘‘ఇంకా ఆరలేదమ్మా, లే!’’ అని మేస్త్రి కేకేశాడు.

పిన్ని లేవలేదు. గంపను జానెడు పక్కకు జరిపింది. అక్కడా తడే. మేస్త్రి నెత్తి గోక్కుని, మళ్లీ రాయి చేతికి తీసుకున్నాడు.