జవాబు ఏ చిరునామా నుంచి రావాలి? ఆర్‌.ఎఫ్‌.సి. 1157లోని ఒక నియమంపై విమర్శ

గత విభాగంలో ఎస్‌.ఎన్‌.ఎం.పి. సందేశ నిర్మాణం తెలుసుకున్నారు. 1990 మే నెలలో వెలువడిన ఆర్‌.ఎఫ్‌.సి. 1157లో చాలామంది చదవకుండా దాటిపోయే ఒక వాక్యాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం. అభ్యర్థన ఏ చిరునామాకు వచ్చిందో జవాబు ఆ చిరునామా నుంచే వెళ్లాలని ఆ వాక్యం చెబుతుంది.

ఒక రూటరుకు 10.1.1.1, 192.168.5.1 అనే రెండు చిరునామాలు ఉన్నాయనుకోండి. మేనేజరు మొదటి చిరునామాకు, యు.డి.పి. 161వ పోర్టుకు అభ్యర్థన పంపింది. ఏజెంటు సరైన జవాబే తయారుచేసింది. కాని తిరుగుదారి రెండో ఇంటర్‌ఫేసు గుండా ఉండటంతో ప్యాకెట్టుపై పంపినవారి చిరునామా 192.168.5.1 అని పడింది. నేను అడిగింది నిన్ను కాదు అన్నట్లు మేనేజరు దాన్ని పారేస్తుంది. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే ఆ ప్యాకెట్టు అక్కడిదాకా కూడా రాకపోవచ్చు. తెరమీద కనిపించేది గడువు దాటిందన్న సందేశం మాత్రమే. బాగానే ఉన్న యంత్రాన్ని బాగుచేయడానికి ఒక మనిషి బయలుదేరతాడు!

నియమం సరైనదే. నా అభ్యంతరం అది ఆగిపోయిన చోట. ఏం చేయాలో చెప్పింది గాని ఎలా చేయాలో చెప్పలేదు. అన్ని చిరునామాలకూ కలిపి ఒకే సాకెట్ తెరిచిన ప్రోగ్రాముకు, మామూలు రిసీవ్‌ఫ్రమ్ పిలుపు పంపినవారి చిరునామానే ఇస్తుంది. ప్యాకెట్టు మనవాటిలో దేనికి వచ్చిందో చెప్పదు. 1989 అక్టోబరులోనే ఆర్‌.ఎఫ్‌.సి. 1122 ఆ సమాచారాన్ని అప్లికేషనుకు అందించి తీరాలని, జవాబు చిరునామాను ఎంచుకునే వీలు కల్పించాలని ఆదేశించింది. రెంటినీ కలిపి చదివితేనే విషయం పూర్తిగా బోధపడుతుంది. లైనక్స్‌లో ఐపీ_పీకేటీఇన్ఫో అనే ఆప్షన్ ఈ పనే చేస్తుంది. ఒక్కో చిరునామాకు ఒక్కో సాకెట్ తెరవడం మరో మార్గం. అయితే తర్వాత చేరే చిరునామాలను కనిపెట్టి ఉండాలి.

మేనేజరు చిరునామాను పట్టించుకోకుండా అభ్యర్థన సంఖ్య సరిపోతే చాలనుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేను ఒప్పుకోను. మొదటి వెర్షనులో కమ్యూనిటీ పేరు బాహాటంగానే ప్రయాణిస్తుంది. యు.డి.పి.లో చిరునామాకూ నకిలీ సాధ్యమే, నిజమే. అంతమాత్రాన ఉన్న ఒక్క గడియనూ తీసేస్తామా?

అసలు లోటు ట్రాప్ సందేశాల్లో ఉంది. వాటికి ముందు అభ్యర్థనే ఉండదు కనుక ఈ నియమం వర్తించదు. మొదటి వెర్షను ట్రాప్‌లో ఏజెంటు చిరునామాకు ఒకే గడి ఉంది. రెండు చిరునామాల రూటరు అందులో ఏది నింపాలి? ఒకసారి ఒకటి, మరోసారి మరొకటి నింపితే ఒకే యంత్రం రెండుగా కనిపిస్తుంది. 2002 డిసెంబరు నాటి ఆర్‌.ఎఫ్‌.సి. 3411 ఇంజన్ ఐడి ద్వారా యంత్రం గుర్తింపును చిరునామా నుంచి విడదీసింది. అయితే ఫైర్‌వాల్ ఇంజన్ ఐడిని చూడదు, చిరునామానే చూస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదాహరణలో ఏజెంటు ప్రతి చిరునామాకు విడి సాకెట్ తెరిచి ఉంటే, జవాబు ప్యాకెట్టుపై ఏ చిరునామా పడేది? ఎందుకు?