ఫలకచలనము – గ్రహాంతర జీవాన్వేషణము : ఒక విమర్శ

భూమి తక్క ఇతర గ్రహములయందు జీవులు గలవా యను ప్రశ్న మిగుల పురాతనమైనది. దానికి సమాధానము ఆకాశమున వెదకుటయే వాడుక. రాబర్ట్ స్టెర్న్, తరాస్ గెర్యా అను భూవిజ్ఞానులు దానిని కాళ్లక్రింది నేలలో వెదకిరి. 2024లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికయందు వారు ప్రకటించిన వ్యాసపు గుణదోషములను తెలుగునాటి శిలల సాక్ష్యముతోను, భివండి కనేరిలోని నల్లరాతి సాక్ష్యముతోను పరిశీలించుట ఇచ్చటి ఉద్దేశము.

భూమి పైపెంకు ఏకఖండము గాదు. అది పెక్కు ఫలకములుగా విడివడి, సంవత్సరమునకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదలుచున్నది. సముద్రగర్భమున ఒకచోట క్రొత్త పెంకు పుట్టును. మరియొకచోట ప్రాత పెంకు లోనికి మునుగును. ఖండములు కదలునని 1912లో వెగెనర్ చెప్పినపుడు నమ్మినవారు తక్కువ. 1960 తరువాతి సముద్రగర్భ పరిశోధనలవలన ఆ భావము ఫలకసిద్ధాంతమై స్థిరపడినది. ఈ చలనమువలన పర్వతములు లేచును. అవి అరిగి భాస్వరము మొదలగు పోషకములు సముద్రమున జేరును. వాననీట కరగిన బొగ్గుపులుసు వాయువు శిలలతో గలసి, తుదకు సున్నపురాయియై సముద్రపు టడుగున నిలుచును. ఫలకము మునిగినపుడు ఆ వాయువు అగ్నిపర్వతముల ద్వారమున మరల పైకి వచ్చును. భూమి అతిగా వేడెక్కకుండుటకును, శాశ్వతముగా గడ్డకట్టకుండుటకును ఈ చక్రము తోడ్పడుచున్నది.

నేటి రూపమున ఫలకచలనము 100 కోట్ల నుండి 50 కోట్ల సంవత్సరముల క్రిందటి కాలమునందే స్థిరపడెననియు, జంతుజాలము విజృంభించుటకు అదియే ముఖ్యకారణమనియు స్టెర్న్, గెర్యాల మతము. 1961లో ఫ్రాంక్ డ్రేక్ రచించిన ప్రసిద్ధ సమీకరణమునందు బుద్ధిజీవుల ఉద్భవమును దెలుపు పాలును వారు రెండు పాళ్ల లబ్ధముగా మార్చిరి: ఖండములును సముద్రములును గల గ్రహముల పాలు ఒకటి, దీర్ఘకాలిక ఫలకచలనము గల గ్రహముల పాలు రెండవది. ఆ లబ్ధము 0.00003 కంటె తక్కువ మొదలు 0.002 వరకు నుండునని వారి గణన. ఆకాశమునుండి మనకు పలకరింపు రాకుండుటకు ఇదియే హేతువు కావచ్చునని వారి తీర్పు.

ఈ వాదమున మెచ్చదగిన గుణము గలదు. సూక్ష్మజీవి పుట్టుట వేరు, జంతువు పుట్టుట వేరు అను భేదమును ఇది స్పష్టముగా నిలిపినది. కడప శిలలే దీనికి నిదర్శనము. వేంపల్లె సున్నపు శిలలలో సూక్ష్మజీవులు కట్టిన పొరల నిర్మాణములు గలవు. వానికి పైనున్న పొరలలోనికి చొచ్చిన పులివెందుల శిల వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరములు. కనుక వేంపల్లె జీవులు అంతకంటె ప్రాచీనములు. అటుపిమ్మట జంతువులు కనబడుటకు నూరు కోట్ల సంవత్సరములకు పైగా పట్టినది. జీవము పుట్టినంత మాత్రమున బుద్ధి పుట్టదని దీనివలన తెలియుచున్నది.

అయినను ఆక్షేపణములు మూడు గలవు.

మొదటిది కాలమును గూర్చినది. 160 కోట్ల నుండి 100 కోట్ల సంవత్సరముల క్రిందటి వరకు భూమి ఒకే మూతతో నుండెనని స్టెర్న్ 2020లో వాదించెను. ప్రాచీన సముద్రగర్భపు పెంకు నేలపైకి వచ్చి నిలిచినచో దానిని ఓఫియోలైట్ అందురు. అది ఫలకచలనమునకు బలమైన గుర్తు. నెల్లూరు ప్రాంతపు కండ్ర శిలలు అట్టివి కావచ్చునని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు సి. లీలానందము 1990లోనే సూచించిరి. 2010లో వానికి సుమారు 185 కోట్ల సంవత్సరముల వయస్సు నిర్ణయింపబడినది. ఇది స్టెర్న్ చెప్పిన కాలమునకు పూర్వపుది గనుక ఆయన వాదమునకు అడ్డు రాదు. కాని 2011లో కనిగిరి శిలలను గూర్చి ధర్మారావు, సంతోష్ మొదలగువారు ప్రకటించిన వయస్సు సుమారు 133 కోట్ల సంవత్సరములు. ఇది సరిగా ఆ నిశ్చలకాలపు నడుమ పడుచున్నది. ఒక్క చోటి శిల భూగోళమంతటి చలనమును రుజువు చేయజాలదు, నిజమే. కాని చలనమే లేదనువారు దీనికి బదులు చెప్పవలసియున్నది.

రెండవది కనేరి నేలనుండియే పుట్టును. తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలీల మరమగ్గములు నిలిచిన ఈ ప్రాంతపు నల్లరాయి, సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట దక్కనును ముంచిన లావా ప్రవాహమునకు చెందినది. ఇది ఫలకము మునుగుటవలన వచ్చినది కాదు. నేడు రీయూనియన్ దీవి క్రిందనున్న ఉష్ణస్థానము పైకి వెడలగ్రక్కిన దని అధికసంఖ్యాకుల మతము. అంగారకునిపై ఫలకచలనము లేకున్నను మహాగ్నిపర్వతములు లేచినవి. కావున బొగ్గుపులుసు వాయువు పైకి వచ్చుటకు ఫలకచలన మొక్కటే మార్గము గాదు. మూత కదలని గ్రహముపై సైతము ఆ చక్రము కొన్ని వందల కోట్ల సంవత్సరములు సాగవచ్చునని 2018లో ఫోలీ, స్మై అను పరిశోధకులు గణించి చూపిరి.

మూడవది తర్కమునకు సంబంధించినది. మనకు తెలిసిన సజీవగ్రహము ఒక్కటే. ఒక్క మగ్గముపై దిగిన ఒక్క తానును చూచి, లోకమందలి మగ్గములలో ఎన్ని అట్టి తానును దింపునో లెక్క చెప్పుటకు ఏ నేతగాడును సాహసింపడు. చలనము ముందు, జంతువు వెనుక వచ్చినంత మాత్రమున మొదటిది రెండవదానికి కారణమని తేలదు. ప్రాణవాయువు పెరుగుట మొదలగు ఇతర హేతువులును అదే కాలమునకు చెందినవి.

కాబట్టి ఈ సిద్ధాంతము ప్రశ్నగా గొప్పది, లెక్కగా బలహీనమైనది. ఈ భేదము కేవలము పండితుల తగవు గాదు. శూన్యమని ముందే తీర్పు చెప్పినచో వెదకువారి చేతులు ఆగును. విశ్వమున మానవుడు ఏకాకియా యను వ్యాజ్యెమున కనిగిరి శిల ఒక సాక్షి. ఆ సాక్షిని పూర్తిగా విచారింపక తీర్పు వ్రాయుట న్యాయము గాదు.